తిరిగి ఎక్కాల్సిన దారి

అలిపిరి నుంచి తిరుమలకు నడిచి వెళ్లేవాళ్లకు కష్టం ముందే వచ్చేస్తుంది. గాలిగోపురం దాకా మెట్లు ఊపిరి తీసుకోనివ్వవు. మోకాళ్లు మొరాయిస్తే అక్కడే కూర్చోవచ్చు, మరీ కాదంటే వెనక్కి దిగిపోవచ్చు. పైకి చేరాక దర్శనం, ప్రసాదం, కిందికి రావడానికి బస్సు. మన ఒంటికీ మనసుకీ అలవాటైన లెక్క అది: ముందు కష్టపడు, తర్వాత సుఖపడు. లోయలో నడక ఈ లెక్కను తలకిందులు చేస్తుంది. కారు ఆపిన చోటే అన్నిటికన్నా ఎత్తు. అక్కడి నుంచి దారి కిందికి పోతుంది, కాళ్లు వాటంతటవే సాగుతాయి. ఎక్కడం చివర్లో వస్తుంది. ఎండ ముదిరాక, సీసాలో నీళ్లు తగ్గాక, పిల్లలు విసుగెత్తాక వస్తుంది. కాదు కూడదనడానికి వీల్లేనప్పుడు వస్తుంది.

ఈ అధ్యాయానికి నేను ఎంచుకున్న లోయ బ్రైస్ క్యానియన్ నేషనల్ పార్కు. అమెరికాలో, యూటా రాష్ట్రం నైరుతి భాగంలో ఉంది. లాస్ వేగస్ నుంచి కారులో దాదాపు నాలుగు గంటల దారి. అందుకే లాంగ్ వీకెండ్ వచ్చిందంటే డాలస్ నుంచో న్యూజెర్సీ నుంచో వేగస్‌కు విమానంలో వచ్చి, కారు అద్దెకు తీసుకుని, జయాన్, బ్రైస్, గ్రాండ్ క్యానియన్ చుట్టి వెళ్లే తెలుగు కుటుంబాలు ఇక్కడ తరచూ కనిపిస్తాయి. వేసవిలో అయితే పిల్లల దగ్గరికి వచ్చిన అమ్మానాన్నలు కూడా ఉంటారు. వాళ్లలో చాలామంది అంచు మీద నిలబడి ఫొటోలు దిగి వెళ్లిపోతారు. కిందికి దిగాలని ఉంటుంది, దిగితే ఎక్కగలమా అన్న భయమూ ఉంటుంది. ఇంకొందరు ఏ ఆలోచనా లేకుండా కాళ్లకున్న చెప్పులతోనే దిగిపోతారు. ఈ రెండు రకాలవాళ్ల కోసమూ రాస్తున్నాను. అటు భయానికీ ఇటు తొందరకీ మందు ఒకటే. దిగేముందే ఎక్కడం లెక్క వేసుకోవాలి.

లోయలో దారులు చాలా ఉన్నాయి. మొదటిసారి వెళ్లేవాళ్లకు నేను చెప్పేది మాత్రం ఒకటే: క్వీన్స్ గార్డెన్, నవాహో లూప్ రెండూ కలిపి చేసే చుట్టు. సన్‌రైజ్ పాయింట్ దగ్గర దిగి, లోయ అడుగున చెట్ల మధ్య నడిచి, సన్‌సెట్ పాయింట్ దగ్గర పైకి వచ్చి, అంచు వెంట అర మైలు నడిస్తే మొదలుపెట్టిన చోటికి చేరతారు. మొత్తం 2.9 మైళ్లు, అంటే దాదాపు 4.7 కిలోమీటర్లు. దిగి ఎక్కే ఎత్తు సుమారు 600 అడుగులు. ఆగుతూ చూస్తూ నడిస్తే రెండు మూడు గంటలు పడుతుంది.

రోజూ పొద్దున్నే ఐదు కిలోమీటర్లు నడిచేవాళ్లు ఈ అంకెలు చూసి “ఇంతేనా?” అంటారు. అంకెల్లో కనపడనిది ఒకటి ఉంది. సన్‌సెట్ పాయింట్ సముద్రమట్టానికి దాదాపు 8,000 అడుగుల ఎత్తున ఉంది. ఊటీ కన్నా ఎత్తు. అక్కడ గాలి పలచన. ఒక్కో ఊపిరిలో అందే ఆక్సిజన్, సముద్రం ఒడ్డున అందేదానిలో ముప్పావు వంతు మాత్రమే. వేగస్ 2,000 అడుగుల ఎత్తులో ఉంది. తెల్లవారుజామున అక్కడ బయల్దేరి, పది గంటలకు బ్రైస్ చేరి, పదిన్నరకు లోయలోకి దిగితే, ఒకే పూట ఆరు వేల అడుగులు ఎక్కి వచ్చిన ఒంటిని విశ్రాంతి ఇవ్వకుండా పనిలో పెట్టినట్టు. దిగుతున్నంతసేపూ అది మాట్లాడదు. ఎక్కేటప్పుడు మాట్లాడుతుంది. వీలైతే ముందురోజు సాయంత్రానికే చేరి, దగ్గర్లో ఒక రాత్రి పడుకోండి. మూడు రోజుల్లో నాలుగు పార్కులు పెట్టుకున్నవాళ్లకు ఇది కుదరదు. వాళ్లకు నా సలహా, ఒక పార్కు తగ్గించుకోమని. గుండె జబ్బు, ఆయాసం, అదుపులో లేని బీపీ ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా ఈ చుట్టు పెట్టుకోవద్దు. సన్‌రైజ్, సన్‌సెట్ పాయింట్ల మధ్య అంచు దారి చదునుగా, గట్టిగా వేసి ఉంది. అక్కడి నుంచి కూడా లోయ మొత్తం కనిపిస్తుంది. అక్కడితో ఆగిపోవడం చిన్నబుచ్చుకోవాల్సిన విషయం కానే కాదు.

ఏ వైపు నుంచి దిగాలన్న దాంట్లో నాకు రెండో మాట లేదు. సన్‌రైజ్ దగ్గర దిగాలి, సన్‌సెట్ దగ్గర ఎక్కాలి. పార్కువాళ్లూ ఇదే సూచిస్తారు. క్వీన్స్ గార్డెన్ దారి వాలు తక్కువ, నవాహో లూప్ నిటారు. నిటారు దారిలో వదులు గులకరాళ్ల మీద దిగడం కన్నా ఎక్కడమే క్షేమం. జారి పడేది దిగేటప్పుడే. మోకాళ్లు దెబ్బతినేదీ దిగేటప్పుడే. ఎక్కేటప్పుడు పోయేది ఊపిరి ఒక్కటే, కాసేపు నిలబడితే అది తిరిగొస్తుంది. ఇంకో సంగతి కూడా ఉంది. వాలు తక్కువ ఉన్న వైపు దిగితే, మొదటి అరగంటలో ఒంట్లో ఏమైనా తేడా కనిపించినా అదే మెత్తని దారిలో వెనక్కి రావచ్చు. నిటారు దారిలో దిగినవాళ్లకు ఆ వెసులుబాటు లేదు.

కాళ్లకు, నోటికి

ఈ పార్కులో ఎక్కువగా తగిలే దెబ్బలు మడమలు బెణకడాలేనని, దానికి ముఖ్య కారణం సరిపడని చెప్పులూ బూట్లేనని రేంజర్లు చెబుతుంటారు. ఒక్కసారి ఆ దారి చూస్తే ఎందుకో అర్థమవుతుంది. సున్నపురాయి అరిగి రాలిన సన్నని గులక, గట్టి నేల మీద పలచగా పరుచుకుని ఉంటుంది. అడుగు నేలను పట్టుకోదు, గులకతోపాటు దొర్లుతుంది. అడుగుభాగం నున్నగా అరిగిపోయిన వాకింగ్ షూ ఇక్కడ పనికిరాదు. లోతైన గాళ్లున్న అడుగు కావాలి, మడమ కదలకుండా పట్టి ఉంచే బూటు అయితే ఇంకా మంచిది. ప్రయాణం కోసం కొన్న కొత్త బూట్లు కనీసం రెండు వారాలు ఊళ్లో తొడుక్కుని తిరిగాక తీసుకురండి. నాన్నగారికి మీ పాత బూట్లు సర్దేసి పంపకండి, ఆయన కొలతకు ఆయనకే కొనండి.

బూటు ఎంత మంచిదైనా లేసు కట్టడం తెలియాలి. దిగేముందు మడమ పైభాగంలో లేసు బిగించి కట్టండి. లేకపోతే అడుగు వేసిన ప్రతిసారీ పాదం ముందుకు జారి కాలివేళ్లు బూటు గోడకు గుద్దుకుంటాయి. రెండు గంటలయ్యాక బొటనవేలి గోరు కింద నలుపెక్కుతుంది. గోళ్లు ముందురోజే కత్తిరించుకోవాలి. అడుక్కి చేరి ఎక్కడం మొదలుపెట్టేముందు అదే లేసు పైన కాస్త వదులు చేస్తే మడమ సులువుగా వంగుతుంది, పిక్కలు పట్టేయవు. రెండు నిమిషాల పని. కిందికి వంగి లేసు విప్పి కట్టే ఆ రెండు నిమిషాలూ ఊపిరి కూడా కుదుటపడుతుంది.

లోయలో నీళ్లు దొరకవు. కొళాయి లేదు, దుకాణం లేదు. పైన విజిటర్ సెంటర్ దగ్గర సీసాలు నింపుకోవాల్సిందే. ఈ చుట్టుకు పెద్దవాళ్లకు మనిషికి లీటరున్నర పెట్టుకోండి, ఎండ ఎక్కువైతే రెండు లీటర్లు. సీసాలన్నీ ఒక్కరి సంచిలోనే పెట్టకూడదు. నలుగురు నడిస్తే నలుగురి దగ్గరా నీళ్లుండాలి, ఎందుకంటే లోయలో నలుగురూ ఒక్కచోటే ఉంటారన్న నమ్మకం లేదు. గ్రాండ్ క్యానియన్ రేంజర్లు ఒక లెక్క చెబుతారు: దిగడానికి ఎంత సేపు పట్టిందో ఎక్కడానికి దానికి రెట్టింపు పడుతుందనుకోవాలి. నీళ్లకూ అదే లెక్క పెట్టుకోండి. ఒక వంతు దిగేటప్పుడు, రెండు వంతులు ఎక్కేటప్పుడు. సీసా మీద మార్కర్‌తో గీత గీసుకోవచ్చు. చిన్నపిల్లలున్న ఇంట్లో ఈ గీత బాగా పనిచేస్తుంది. “నీళ్లు దాచుకోరా” అంటే వినని పిల్లవాడు గీతను మాత్రం కాపలా కాస్తాడు. అలాగని దాహం వేస్తుంటే తాగకుండా ఉండమని కాదు. గీత దాటిందంటే నడక తీరు మార్చాలని, లేదా వెనక్కి మళ్లాలని అర్థం.

ఉత్త నీళ్లే తాగుతూ పోతే ఒంట్లో ఉప్పు పలచబడి తల తిరుగుతుంది, వికారం పుడుతుంది. ఈ విషయంలో మన వంటిల్లు మనకు బాగా సాయపడుతుంది. పులిహోరను మించిన దారిబత్తెం నాకు కనిపించలేదు. ఉప్పుంది, నూనె ఉంది, అన్నం ఉంది, పల్లీలున్నాయి. పొద్దున కలిపింది మధ్యాహ్నానికి పాడవదు, చల్లారినా తినబుద్ధవుతుంది. చేగోడీలు, జంతికలు, పల్లీపట్టీ సంచి జేబులో పెట్టుకుంటే నడుస్తూ నములుకోవచ్చు. పెరుగన్నం మాత్రం వద్దు. ఎండలో పులుస్తుంది, తిన్నాక కూర్చోబెట్టేస్తుంది. లోయ అడుగున కడుపునిండా భోంచేసి ఎక్కడానికి లేవడమూ మంచిది కాదు. ఎక్కడానికి ఇరవై నిమిషాల ముందు నాలుగు ముద్దలు, సగం దారిలో ఒక పల్లీపట్టీ, మిగతాది పైకి వచ్చాక.

తినేటప్పుడు ఉడుతలు వస్తాయి. వెనక కాళ్ల మీద నిలబడి చేతిలోకి చూస్తాయి. పిల్లలు చేగోడీ ముక్క విసరకుండా చూడండి. పార్కులో జంతువులకు తిండి పెట్టడం నేరం, ఉడుతలు కరుస్తాయి కూడా. అన్నిటికన్నా, మనిషి చేతి తిండికి మరిగిన జంతువు చలికాలానికి తన తిండి తాను కూడబెట్టుకోవడం మరిచిపోతుంది. నారింజ తొక్క అయినా సరే సంచిలో వేసుకుని పైకి తేవాలి. ఆ పొడి నేలలో తొక్క త్వరగా మట్టిలో కలవదు.

అంచు మీద తీసుకోవాల్సిన నిర్ణయాలు

దిగడానికి ముందు సన్‌రైజ్ పాయింట్ దగ్గర పది నిమిషాలు కూర్చోండి. ఫొటోలకు కాదు, మాట్లాడుకోవడానికి. లోయలో తీసుకునే నిర్ణయాలు అలసిన తల తీసుకునేవి. అంచు మీద తీసుకునేవి చల్లని తల తీసుకునేవి. అందుకని ముఖ్యమైనవన్నీ ఇక్కడే తేల్చుకోవాలి.

మొదటిది వేళ. జూలై నుంచి సెప్టెంబరు సగం దాకా ఇక్కడ మధ్యాహ్నాలు ఉరుములతో వానలు పడతాయి. పిడుగులు ఈ పార్కులో ఊరికే చెప్పే భయం కాదు. అంచు మీద, రెయిలింగు పక్కన నిలబడ్డ మనిషే అక్కడ ఎత్తైనవాడు. మన చుట్టులో చివరి అంకం ఆ అంచు మీదే కాబట్టి, మబ్బు పట్టేలోగా ఎక్కి అవతలపడేలా పొద్దున్నే బయల్దేరాలి. ఏడింటికల్లా దారిలో ఉంటే మంచిది. మెరుపు కనిపించిన ముప్పై సెకన్లలోపు ఉరుము వినిపిస్తే పిడుగు దగ్గర్లో ఉన్నట్టే. కారులోకో కట్టడంలోకో వెళ్లిపోవాలి, ఆఖరి ఉరుము తర్వాత అరగంట దాకా బయటికి రాకూడదు. పొద్దున్నే వెళ్తే కారు పెట్టుకోవడానికి చోటు కూడా దొరుకుతుంది. సుమారు ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా పార్కు షటిల్ బస్సులు నడుస్తాయి, ప్రవేశ రుసుము కట్టినవాళ్లు వాటికి వేరే టికెట్ కొనక్కర్లేదు. ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్లుంటే ప్రవేశ రుసుము ముందే చూసుకోండి. 2026 నుంచి అమెరికాలో నివసించనివాళ్లకు బ్రైస్‌తోపాటు కొన్ని పెద్ద పార్కుల్లో రుసుము వేరుగా ఉంది.

రెండోది, వెనక్కి తిరిగే చోటు. ఈ చుట్టులో అది విక్టోరియా రాణి బొమ్మలా కనిపించే రాతి దగ్గర ఉంది. క్వీన్స్ గార్డెన్ పేరు ఆ రాతి వల్లే వచ్చింది. అక్కడిదాకా వచ్చాక నీళ్లు గీత దాటాయా, ఎవరికైనా తలనొప్పి ఉందా, ఎవరైనా మాట్లాడటం తగ్గించారా చూడండి. ఏ ఒక్కటి ఉన్నా వచ్చిన దారినే వెనక్కి. ఈ మాట అంచు మీదే అందరితో అనిపించాలి. ఎందుకంటే అక్కడికి చేరాక ఎవరో ఒకరు “ఇంత దూరం వచ్చాం, ఇంత డబ్బు పెట్టాం, మళ్లీ ఎప్పుడొస్తామో” అంటారు. లోయల్లో నడిచేవాళ్లను అన్నిటికన్నా ఎక్కువగా ఇబ్బందుల్లోకి నెట్టే మాట ఇదేనని నా నమ్మకం. పెట్టిన డబ్బు విమానం ఎక్కినప్పుడే ఖర్చయిపోయింది, ముందుకు నడిస్తే తిరిగి రాదు, వెనక్కి తిరిగితే పోదు. ముందున్న నిటారు దారికి ఆ డబ్బుతో ఏ సంబంధమూ లేదు. ఆ దారికి సంబంధించినవి మీ కాళ్లు, మీ ఊపిరి, సీసాలో మిగిలిన నీళ్లు. వెనక్కి తిరిగేవాళ్లను తక్కువ చేయని కుటుంబంలో మాత్రమే ఈ నిర్ణయం తేలికవుతుంది. ఒంట్లో బాగోలేదని నోరు తెరిచి చెప్పిన మనిషికి అందరి ముందూ మంచిమాట చెప్పండి. రేపు ఆఫీసులోనో ఇంట్లోనో చేతకాని బరువు నెత్తిన పడ్డప్పుడు కూడా ఆ మనిషి నోరు తెరవగలుగుతాడు.

మూడోది, విడిపోతే ఎక్కడ కలుసుకోవాలి. లోయలో ఫోన్ సిగ్నల్‌ను నమ్ముకోకూడదు. అమ్మానాన్నల ఫోన్‌లో ఇక్కడి సిమ్ ఉందో లేదో కూడా చూసుకోండి. సన్‌సెట్ పాయింట్ పైన ఫలానా చోట అని అందరికీ తెలిసేలా చెప్పండి. ఎవరికైనా ఒంట్లో బాగా చెడితే ఒకరు పక్కనే ఉండి, పైకి వెళ్తున్న వేరేవాళ్లతో రేంజర్లకు కబురు పంపాలి. సిగ్నల్ ఉంటే 911.

కిందికి

ఇక దిగండి. దిగేటప్పుడు కళ్లు చేసే పనీ కాళ్లు చేసే పనీ కలపకూడదన్నది ఒక్కటి గుర్తుంచుకోండి. నడుస్తున్నప్పుడు దారిని చూడాలి, రాళ్లను చూడాలనిపిస్తే నిలబడాలి. ఈ ఒక్క అలవాటు పడిపోకుండా కాపాడుతుంది, తొందరను కూడా తగ్గిస్తుంది. పైగా నిలబడి చూడదగ్గవి అడుగడుగునా ఉన్నాయి.

ఎర్రగా, నారింజ రంగులో, మధ్యమధ్య తెల్లగా, ఒంటరిగా నిలబడ్డ సన్నని రాతి కంబాలు వందలకొద్దీ కనిపిస్తాయి. వీటిని హూడూలంటారు. సుమారు ఐదు కోట్ల ఏళ్ల కిందట ఇక్కడ సరస్సులుండేవి. వాటి అడుగున పేరుకున్న సున్నపు బురద రాయిగా మారింది. ఇనుము తుప్పు ఎరుపునిచ్చింది. ఇది నది తవ్విన లోయ కాదు, పీఠభూమి అంచు విరిగి విరిగి వెనక్కి జరగడం వల్ల ఏర్పడ్డ పళ్లెం. ఏడాదిలో ఇంచుమించు సగం రోజులు ఇక్కడ రాత్రి గడ్డకట్టే చలి, పగలు కరిగే ఎండ. పగలు పగుళ్లలోకి దిగిన నీరు రాత్రి మంచుగా మారి, తొమ్మిది శాతం ఉబ్బి, రాతిని లోపలి నుంచి విడదీస్తుంది. గోడలో పగులు పడుతుంది, పగులు కిటికీ అవుతుంది, కిటికీ పైకప్పు కూలితే రెండు వైపులా కంబాలు మిగులుతాయి. క్వీన్స్ గార్డెన్ దారిలో ఈ మూడు దశలూ ఒకే చూపులో కనిపించే చోట్లున్నాయి. పిల్లలకు అక్కడ చూపించండి. వందేళ్లకు ఒకటి నుంచి నాలుగు అడుగుల చొప్పున ఈ అంచు వెనక్కి జరుగుతోందని లెక్క. చేత్తో గీకినా, గోడలెక్కినా, గుర్తుగా ముక్క పట్టుకుపోయినా ఆ పనిని మనం తొందరపెట్టినట్టే. దారి వదిలి అడుగు వేయకండి.

దారిలో అడ్డుగోడలకు తొలిచిన సొరంగాల్లోంచి నడుస్తాం. అందులో నీడ చల్లగా ఉంటుంది. దక్షిణ పాయూట్ జాతివాళ్లు ఈ కంబాలను రాయిగా మారిన మనుషులని చెప్పుకుంటారు. వాళ్లు చేసిన తప్పులకు కొయోటీ, అంటే అక్కడి నక్కజాతి దేవుడు, అలా శపించాడని కథ. ఇక్కడికి పేరిచ్చిన ఎబెనీజర్ బ్రైస్ స్కాట్లండ్ నుంచి వచ్చిన వడ్రంగి. 1870లలో కుటుంబంతో ఈ ప్రాంతంలో స్థిరపడి, కలప తేవడానికి దారి వేశాడు. కొన్నేళ్లకే అరిజోనాకు వెళ్లిపోయాడు, పేరు మాత్రం నిలిచిపోయింది. 1923లో జాతీయ స్మారకంగా, 1928లో జాతీయ పార్కుగా ఈ చోటును ప్రభుత్వం కాపాడటం మొదలుపెట్టింది.

రాణి బొమ్మ దాటాక దారి పైన్ చెట్ల మధ్య దాదాపు చదునుగా సాగుతుంది. చాలామంది ఇక్కడ నడక వేగం పెంచుతారు. దిగడం అయిపోయింది, కాళ్లు తేలిగ్గా ఉన్నాయి, అంతా బాగుందనిపిస్తుంది. నేను ఇక్కడ వేగం తగ్గించమంటాను. నీడ ఉన్నచోట కూర్చుని, లేసు వదులు చేసుకుని, ఆ నాలుగు ముద్దలూ తినాల్సింది ఇక్కడే.

పైకి

నవాహో లూప్‌లో పైకి రెండు దారులు. ఒకటి వాల్ స్ట్రీట్, రెండోది టూ బ్రిడ్జెస్. వాల్ స్ట్రీట్‌లో రెండు నిలువు గోడల మధ్య చేతులు చాస్తే అందేట్టున్న ఇరుకులోంచి నడుస్తాం. ఆ ఇరుకులో వెలుగు కోసం నిటారుగా పైకి సాగిన డగ్లస్ ఫర్ చెట్లున్నాయి. మెడ వెనక్కి వాల్చితే గాని కొన కనిపించదు. చలికాలంలో మంచు, రాళ్లు రాలే ప్రమాదం వల్ల ఆ దారి మూసేస్తారు. 2006లో పెద్ద రాయి విరిగిపడి కూడా మూతపడింది. టూ బ్రిడ్జెస్ వైపు కూడా అప్పుడప్పుడు మూస్తుంటారు. ఏది తెరిచి ఉందో పొద్దున్నే విజిటర్ సెంటర్‌లో కనుక్కోండి. అక్టోబరు నుంచి మే దాకా నీడపట్టున మంచు గడ్డకట్టి ఉండొచ్చు, అప్పుడు బూట్లకు తొడిగే ఇనుప పళ్ల పట్టీలు కావాలి.

గోడల కింద ఎక్కువసేపు కూర్చోకండి. ఇరుకు దాటాక మెలికల దారి మొదలవుతుంది. ఒకదాని మీద ఒకటిగా, పొట్టిపొట్టి మలుపులు. అసలు పరీక్ష ఇదే. ఇక్కడ ఒక ఉదయం చూసిన దృశ్యం చెప్పాలి. మనవాళ్లే. పెద్దాయనకు అరవై దాటి ఉంటాయి. కొడుకు రెండు మలుపులు పైన నిలబడి కేకేస్తున్నాడు.

“నాన్నా, ఇంకో పది నిమిషాలే, వచ్చేయండి!”

ఆయన తల పైకెత్తలేదు. నడుం మీద చెయ్యేసుకుని, “అరగంట నుంచి పది నిమిషాలే అంటున్నావురా” అన్నాడు. గొంతులో కోపం లేదు, ఊపిరీ లేదు.

వెనకనుంచి కోడలు వచ్చింది. “మావయ్యగారూ, పై దాకా చూడొద్దు. అదిగో, ఆ మలుపు. అక్కడిదాకా వెళ్లి నిలబడదాం. మీరు ముందు నడవండి, మేం వెనక వస్తాం” అంది. మొగుణ్ణి కిందికి రమ్మని చేత్తో పిలిచింది. అతను దిగొచ్చాడు. ఆయన ముందు, మిగతావాళ్లు వెనక. మలుపుకు చేరి నిలబడ్డారు. ఆయన గోడవైపు ఒరిగి, ఊపిరి కుదుటపడ్డాక తనే “పదండి” అన్నాడు. ప్రతి మలుపులోనూ ఆ “పదండి” ఆయన నోటినుంచే వచ్చింది. పైకి చేరేసరికి ఎండ పెరిగింది గానీ ఆయన నడక మొదట్లో కన్నా కుదురుగా ఉంది.

ఆ కోడలు చేసినదాంట్లో లోయ ఎక్కే విద్యంతా ఉంది. నిదానంగా నడిచేవాళ్లను వెనక వదిలితే వాళ్లకు విశ్రాంతి దొరకదు. ముందువాళ్లు ఆగి అలుపు తీర్చుకుని, వెనకాయన అందుకోగానే మళ్లీ బయల్దేరతారు, ఆయన మాత్రం అలుపుతోనే నడుస్తూ ఉంటాడు. నిదానంగా నడిచేవాళ్లను ముందు పెడితే నడక వేగం వాళ్లదే అవుతుంది, ఆగాలన్న మాటా వాళ్లదే అవుతుంది. గమ్యం దూరం చెప్పి ధైర్యం ఇవ్వాలని చూడకండి. “ఇంకో పది నిమిషాలు” నిజం కానప్పుడు ఆ తర్వాత మీరు చెప్పే ఏ మాటకూ విలువ ఉండదు. కంటికి కనిపించే మలుపును చెప్పండి.

వేగం సరిపోయిందో లేదో తెలియాలంటే పక్కవాళ్లతో మాట్లాడండి. ఒక పూర్తి వాక్యం మధ్యలో ఊపిరి తీసుకోకుండా అనగలిగితే సరిగ్గా నడుస్తున్నట్టు. మూడు మాటలకే తెగితే తగ్గించాలి. అడుగులు చిన్నవిగా వేయండి. పై కాలు మోపాక వెనక కాలి మోకాలు తిన్నగా చేసి, ఒక క్షణం బరువంతా ఆ ఎముక మీద నిలబెట్టి, తర్వాత కదలండి. ఆ క్షణంలో తొడ కండరానికి విశ్రాంతి. చూడటానికి మరీ మెల్లగా ఉంటుంది, కానీ ఆగే అవసరం తగ్గుతుంది. ఇరుకు దారిలో ఎక్కేవాళ్లకు దిగేవాళ్లు దారివ్వడం మర్యాద. మీకు అలుపొస్తే మీరే గోడవైపు ఒదిగి వాళ్లను పోనివ్వండి. అంచువైపు మాత్రం నిలబడకండి. తల తిరగడం, వికారం, ఎండలోనూ చెమట చల్లబడటం, మాట తడబడటం కనిపిస్తే మలుపుల లెక్క ఆపేయాలి. నీడ, కూర్చోబెట్టడం, గుటక గుటకగా నీళ్లు, కాస్త ఉప్పు. తగ్గకపోతే కబురు పంపాలి.

పైకి వచ్చాక ఇంకో అర మైలు చదును దారి మిగిలి ఉంది. దిగడానికి ఎంతసేపు పట్టింది, ఎక్కడానికి ఎంతసేపు పట్టింది, సీసాలో ఎన్ని నీళ్లు మిగిలాయి, ఎవరికి ఎక్కడ ఇబ్బంది అయింది, ఈ నాలుగూ కారులో కూర్చున్న వెంటనే ఫోన్‌లో రాసుకోండి. ఇదే పార్కులో ఈ చుట్టుకు పీకబూ లూప్ కలిపి ఎనిమిది అంకె ఆకారంలో నడిస్తే 6.4 మైళ్లు. ఫెయిరీలాండ్ లూప్ 8 మైళ్లు, జనం తక్కువ, ఒకసారి దిగి ఎక్కడంతో అయిపోదు, మధ్యలో మళ్లీ మళ్లీ దిగడాలూ ఎక్కడాలూ. ఎక్కడానికి పట్టిన సమయం దిగిన సమయానికి రెట్టింపులోపు ఉండి, సీసాలో నీళ్లు మిగిలి, మర్నాడు పొద్దున మెట్లు దిగుతుంటే తొడలు పట్టేయకపోతే మీకు 6.4 మైళ్ల దారి సరిపోతుంది. ఫెయిరీలాండ్‌కు అది కూడా చేసి చూశాక వెళ్లండి, ఆ రోజు వేరే పార్కు ఏదీ పెట్టుకోకుండా.